ప్రపంచ పర్యావరణ లక్ష్యాలు: మాట ఇచ్చిన నాయకులను అడిగేదెవరు? తరచుగా అడిగే ప్రశ్నలు

వాతావరణ ఒప్పందాల మీద, 2030 లక్ష్యాల మీద చర్చ ఎక్కడ మొదలైనా చివరికి అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. సంతకాలు సరే, చేయకపోతే అడిగేదెవరు? ఆ లెక్కలు ఎవరివి? కోర్టుకెళ్తే ఏమైనా ఒరుగుతుందా? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నిటినీ ఇక్కడ చేర్చాను. మాట ఇవ్వడం దగ్గర్నుంచి మాట తప్పడం దాకా దశలవారీగా ఉన్నాయి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మాట ఇచ్చే దశ

అసలు ఈ ప్రపంచ లక్ష్యాలంటే ఏవి?

ముఖ్యంగా మూడు. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితిలోని 193 సభ్యదేశాలు ఒప్పుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు మొదటివి. ఇవి 17, వీటి కింద ఉపలక్ష్యాలు 169, చాలావాటికి గడువు 2030. అదే ఏడాది డిసెంబరులో కుదిరింది పారిస్ ఒప్పందం. భూమి సగటు ఉష్ణోగ్రత పెరుగుదలను 2 డిగ్రీలకు బాగా దిగువన ఉంచాలి, 1.5 డిగ్రీల దగ్గరే ఆపడానికి ప్రయత్నించాలి అన్నది దాని సారం. మూడోది 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో ఖరారైన జీవవైవిధ్య ప్రణాళిక. ఇందులో 23 లక్ష్యాలున్నాయి. 2030 నాటికి నేలలో 30 శాతం, సముద్రంలో 30 శాతం రక్షణలోకి తేవాలన్నది వాటిలో ఎక్కువ మంది విన్నది.

సంతకం పెట్టారంటే అది చట్టం అయినట్టే కదా?

కాదు. సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు ఐరాస సర్వసభ్య సభ తీర్మానం మాత్రమే. తప్పితే శిక్ష లేదు, వాటికి చట్టబద్ధత కూడా లేదు. పారిస్ ఒప్పందం అలా కాదు, అది నిజమైన అంతర్జాతీయ ఒప్పందమే. కాకపోతే ఒక మెలిక ఉంది. ఐదేళ్లకోసారి ప్రణాళిక ఇవ్వడం, దేశంలో అందుకు తగ్గ చర్యలు చేపట్టడం, లెక్కలు చెప్పడం తప్పనిసరి. కొత్త ప్రణాళిక పాతదానికంటే మెరుగ్గా ఉండాలని కూడా ఆశిస్తుంది. ఆ ప్రణాళికలో రాసుకున్న అంకెను అందుకుని తీరాలని మాత్రం ఒప్పందంలో ఎక్కడా లేదు. అంకె మీదే, దాన్ని చేరుకునే పూచీ కూడా మీదే. దేశాలు సంతకం పెట్టింది ఇలాంటి కాగితం మీద.

ఇంత మెతగ్గా ఎందుకు రాసుకున్నారు? గట్టి జరిమానా పెడితే సరిపోయేది కదా!

పెట్టి చూశారు. 1997 నాటి క్యోటో ఒప్పందంలో సంపన్న దేశాలు ఉద్గారాలను (భూమిని వేడెక్కించే వాయువులను) ఎంత తగ్గించాలో కచ్చితమైన అంకెలుండేవి. లక్ష్యం దాటి ఎంత ఎక్కువ వదిలితే అంతా, దాని మీద మరో 30 శాతమూ కలిపి తర్వాతి విడతలో తగ్గించుకోవాలని షరతు. అమెరికా సంతకం చేసింది గానీ దాన్ని ఆమోదించనే లేదు. 1990 స్థాయి కంటే 6 శాతం తగ్గిస్తానన్న కెనడాలో ఉద్గారాలు తగ్గకపోగా పెరిగాయి. లక్ష్యం అందదని తేలాక కెనడా జరిమానా కట్టలేదు, లోటు పూడ్చలేదు. 2011 డిసెంబరులో ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించి, నిబంధన ప్రకారమే ఏడాది తర్వాత బయటికొచ్చేసింది. దీనివల్ల దాదాపు 1,400 కోట్ల కెనడా డాలర్ల ఖర్చు తప్పుతుందని అప్పటి పర్యావరణ మంత్రి బాహాటంగానే చెప్పారు.

పారిస్ ఒప్పందం రాసేవాళ్ల కళ్ల ముందు ఈ అనుభవం ఉంది. శిక్ష గట్టిగా ఉంటే దేశాలు గడప దాటి లోపలికే రావని లెక్కేసుకున్నారు. నా దృష్టిలో వాళ్ల అంచనా సరైనదే. అయితే దాని ఫలితంగా అడిగే బరువంతా ఆయా దేశాల పార్లమెంటుల మీద, కోర్టుల మీద, ఓటర్ల మీద పడింది.

2050కి నెట్ జీరో (వదిలే ఉద్గారాలు, తిరిగి పీల్చుకునేవి సమానం) అని ప్రకటించిన నాయకుడు అప్పటికి పదవిలో ఉంటాడా?

ఉండడు. చాలామంది బతికే ఉండరు. దూరపు తేదీ ప్రకటించడం సులువు కావడానికి కారణం కూడా అదే. అలాంటి ప్రకటన విన్నప్పుడు, ఆ నాయకుడు కుర్చీ దిగేలోపు పడే తేదీ అందులో ఒక్కటైనా ఉందా అని చూడండి. లేకపోతే దాన్ని ఉపన్యాసంగానే లెక్కేయండి.

పేద దేశాన్ని, సంపన్న దేశాన్ని ఒకే గాటన కట్టి అడగడం న్యాయమేనా?

న్యాయం కాదు. 1992 రియో సదస్సు నుంచీ ఉన్న సూత్రం ప్రకారం బాధ్యత అందరిదీ, కానీ అందరిదీ ఒకే మోతాదులో కాదు. ఎక్కువ కాలంగా ఎక్కువ కాలుష్యం వదిలినవాళ్లు ముందు కదలాలి. అలాగని ఇది ఎవరికీ పూర్తి మినహాయింపు కాదు. 'వాళ్లు మొదలుపెట్టాక చూద్దాం' అనే మాట రెండు వైపులా బాగా ఉపయోగపడుతోంది. ప్రతి దేశాన్నీ ముందుగా అడగాల్సింది అది తనంతట తాను ఇచ్చిన మాట సంగతే. అక్కడ పోలిక అవసరమే ఉండదు.

## ఇంట్లో చట్టం, బడ్జెట్

ప్రపంచ వేదిక మీద చెప్పింది ఇంట్లో నిజంగా అమలవుతోందని ఎలా గుర్తుపట్టాలి?

చట్టంలో మూడు విషయాలు వెతకండి. దగ్గరి గడువులు ఉన్నాయా? ప్రభుత్వంతో సంబంధం లేని కమిటీ ఉందా? ఆ కమిటీ అడిగినదానికి ప్రభుత్వం ఫలానా తేదీలోగా జవాబు చెప్పాలన్న నిబంధన ఉందా? బ్రిటన్ 2008లో తెచ్చిన వాతావరణ చట్టంలో మూడూ ఉన్నాయి. ఐదేళ్లకొక కార్బన్ బడ్జెట్ (ఆ ఐదేళ్లలో వదలగలిగే ఉద్గారాల పరిమితి) ఉంటుంది, అదీ పన్నెండేళ్ల ముందే ఖరారవుతుంది. స్వతంత్ర కమిటీ ప్రతి ఏటా పార్లమెంటుకు ప్రగతి నివేదిక ఇస్తుంది. ప్రభుత్వం దానికి సమాధానం చెప్పి తీరాలి.

ఈ ఏర్పాటు ఎంత పదునైనదో 2022లో తెలిసింది. ప్రభుత్వం గొప్పగా ప్రకటించిన నెట్ జీరో వ్యూహం చట్టానికి అనుగుణంగా లేదని హైకోర్టు తేల్చింది. అంకెల్లో లెక్కగట్టిన విధానాలన్నీ కలిపితే ఆరో కార్బన్ బడ్జెట్‌కు కావలసిన తగ్గింపులో 95 శాతమే వస్తోంది. మిగతా 5 శాతం ఎక్కడి నుంచి వస్తుందో పార్లమెంటుకు చెప్పలేదు. పైకి చిన్న లోటే. కానీ ఆ 5 శాతం దాచినందుకు కోర్టు మళ్లీ రాసుకురమ్మంది. సవరించి తెచ్చిన ప్రణాళికను కూడా 2024లో కోర్టు తప్పుబట్టింది. చట్టంలో అంకె, తేదీ లేకపోతే ఆ న్యాయమూర్తి చేతిలో పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

డెన్మార్క్ 2020 చట్టం ఇంకో దారి పట్టింది. 1990తో పోలిస్తే 2030కి 70 శాతం తగ్గింపు అన్నది లక్ష్యం. మంత్రి ఏటా పార్లమెంటు ముందుకొచ్చి, ఆ దారిలోనే ఉన్నామని చూపించాలి.

లక్ష్యాలు సరే, డబ్బు ఎటు పోతోందో ఎవరు చూస్తున్నారు?

అసలు కథ బయటపడేది ఇక్కడే. వృథా వినియోగానికి దారితీసే శిలాజ ఇంధన (బొగ్గు, చమురు, గ్యాస్) సబ్సిడీలను 'మధ్యకాలికంగా' ఎత్తేస్తామని జీ20 దేశాలు 2009లో పిట్స్‌బర్గ్‌లో ఒప్పుకున్నాయి. తేదీ రాయలేదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా శిలాజ ఇంధనాల వాడకానికి ఇచ్చిన సబ్సిడీలు లక్ష కోట్ల డాలర్లు దాటాయి. ఉక్రెయిన్ యుద్ధం వల్ల ధరలు పెరిగిన సంవత్సరం అన్న మాట నిజమే. కానీ తేదీ లేని హామీ అలాంటి ఏడాదికి ఒక్క పూట కూడా నిలవదని తేలిపోయింది.

మంచి పద్ధతి కూడా ఒకటుంది. ఫ్రాన్స్ తన 2021 బడ్జెట్‌తో పాటు 'హరిత బడ్జెట్' పేరుతో ఒక పత్రం ఇచ్చింది. ఏ ఖర్చు పర్యావరణానికి మేలు చేస్తోంది, ఏది కీడు చేస్తోంది అని పద్దుల వారీగా చూపించింది. కీడు చేసే పద్దులను ప్రభుత్వమే రాసి చూపించడం తేలికైన పని కాదు.

ఏ మంత్రిని అడగాలి? పర్యావరణ మంత్రినేనా?

ఆయన చేతిలో ఉండేది చాలా తక్కువ. విద్యుత్తు, రవాణా, వ్యవసాయం, అన్నిటికంటే ముందు ఆర్థిక శాఖ. వీళ్లను వదిలేసి పర్యావరణ మంత్రిని ఒక్కరినే నిలదీస్తే మిగతావాళ్లకు హాయి.

కొత్త ప్రభుత్వం వస్తే పాతవాళ్లు ఇచ్చిన మాటకు వీళ్లెందుకు జవాబు చెప్పాలి?

మాట ఇచ్చేది పార్టీ కాదు, దేశం. అంతర్జాతీయ చట్టం దృష్టిలో ప్రభుత్వం మారినంత మాత్రాన బాధ్యత పోదు. అయితే కేవలం కేబినెట్ నిర్ణయంగా ఉన్నదాన్ని ఒక్క సంతకంతో మార్చేయొచ్చు. చట్టంగా ఉన్నదాన్ని మార్చాలంటే సభలోకి వెళ్లాలి, చర్చ జరగాలి, ఎవరు ఎటు ఓటేశారో రికార్డు కావాలి. పెద్ద తేడా అక్కడే ఉంది.

## లెక్కలు చెప్పే దశ

పని చేసేదీ ప్రభుత్వమే, రిపోర్టు రాసేదీ ప్రభుత్వమే. ఇంక నమ్మేదెలా?

అనుమానం న్యాయమైనదే. 2030 లక్ష్యాల మీద దేశాలు ఇచ్చేవి 'స్వచ్ఛంద' జాతీయ సమీక్షలు. ఏటా జులైలో న్యూయార్క్‌లో మంత్రులు వచ్చి తాము రాసుకున్నదే చదువుతారు. ఎదురు ప్రశ్నలకు దొరికేది కొద్ది నిమిషాలు. పారిస్ ఒప్పందంలో కాస్త నయం. రెండేళ్లకోసారి పారదర్శకత నివేదిక ఇవ్వాలి, దాన్ని బయటి నిపుణులు పరిశీలిస్తారు. మొదటి విడతకు గడువు 2024 డిసెంబరు 31.

నిజమైన భరోసా మాత్రం దేశంలోపలి స్వతంత్ర సంస్థల నుంచే వస్తుంది. బ్రెజిల్‌లో జరిగింది చూడండి. అమెజాన్ అడవి ఎంత నరికేస్తున్నారో ఉపగ్రహాలతో కొలిచే బాధ్యత అక్కడి జాతీయ అంతరిక్ష పరిశోధన సంస్థ 'ఇన్పే'ది. 2019లో ఆ అంకెలు ఎగబాకాయి. అధ్యక్షుడు బోల్సొనారో అవి అబద్ధమన్నారు. సంస్థ డైరెక్టర్ రికార్డో గల్వావ్ వెనక్కి తగ్గలేదు, ఆగస్టులో పదవి పోయింది. డైరెక్టర్ మారినా ఉపగ్రహాలు మారలేదు. అదే సంస్థ నవంబరులో ఇచ్చిన వార్షిక లెక్కలో అడవి నష్టం పదేళ్లలోనే అత్యధికమని తేలింది. కొలిచే పద్ధతి ఏళ్ల తరబడి అందరికీ తెలిసిందే కావడం, అంకెలు ఎవరైనా తెరిచి చూసుకునేలా ఉండటం వల్లే ఇది సాధ్యమైంది.

"ఉద్గారాలు 40 శాతం తగ్గించాం" అంటారు. ఆ అంకెను ఎలా చదవాలి?

ముందు ఏ సంవత్సరంతో పోల్చారో చూడండి. సోవియట్ యూనియన్ కూలాక రష్యాలో, చుట్టుపక్కల దేశాల్లో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1990ని ఆధారంగా తీసుకుంటే, వాళ్లు ప్రత్యేకంగా ఏమీ చేయకుండానే తగ్గింపు కనిపిస్తుంది. క్యోటో చర్చల్లో ఆస్ట్రేలియా ఇంకా తెలివిగా బేరమాడింది. 1990లో అక్కడ అడవులు, పొదలు విపరీతంగా నరికారు. ఆ ఉద్గారాలను ఆధార సంవత్సరం లెక్కలో కలుపుకోనిచ్చారు. పైగా దాని లక్ష్యం తగ్గింపు కూడా కాదు, 8 శాతం పెంచుకునే వెసులుబాటు. తర్వాత నరికివేత తగ్గేసరికి బొగ్గు, చమురు జోలికి పెద్దగా పోకుండానే లక్ష్యం అందింది.

తర్వాత, తగ్గింది మొత్తమా లేక జీడీపీలో ఒక్కో యూనిట్‌కు వెలువడే ఉద్గారమా? రెండోది తగ్గుతుండగానే మొత్తం పెరగొచ్చు. విద్యుత్తులోనూ ఇలాంటి తికమక ఉంది. భారత్‌లో స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో (ప్లాంట్లన్నీ గరిష్ఠంగా ఇవ్వగలిగినదాంట్లో) సగం శిలాజేతర వనరులదేనని 2025లో ప్రకటించారు, అది నిజమే. కానీ ఉత్పత్తయ్యే కరెంటులో ఇప్పటికీ బొగ్గుదే పైచేయి, ఎందుకంటే సోలార్ ప్యానెల్ రాత్రి పనిచేయదు. రెండు అంకెలూ సరైనవే, చెప్పేది మాత్రం వేరువేరు సంగతులు.

అడవులు పీల్చుకునే కార్బన్‌ను కలిపారా, దిగుమతి చేసుకున్న సరుకుల వెనక ఉన్న కాలుష్యం ఎవరి ఖాతాలో పడింది అన్నవి కూడా అడగండి. ఐరాసకు ఇచ్చే లెక్కల్లో అంతర్జాతీయ విమానాలు, ఓడలు వదిలేది ఏ దేశం మొత్తంలోకీ చేరదు.

2030 లక్ష్యాల్లో ఇప్పటిదాకా ఎంత దూరం వచ్చాం?

ఐరాస 2025 నివేదిక ప్రకారం, డేటా ఉన్న ఉపలక్ష్యాల్లో దారిలో ఉన్నవి, ఓ మోస్తరుగా నడుస్తున్నవి కలిపి 35 శాతం. దాదాపు సగం నత్తనడకన ఉన్నాయి. 18 శాతం 2015 కంటే వెనక్కి పోయాయి.

## మాట తప్పినప్పుడు

లక్ష్యం తప్పిన దేశాన్ని ఐరాస ఏం చేస్తుంది?

ఏమీ చేయదు. 2010లో జపాన్‌లోని నగోయాలో జీవవైవిధ్యం కోసం 20 లక్ష్యాలు పెట్టుకున్నారు, గడువు 2020. ప్రపంచ స్థాయిలో ఒక్కటంటే ఒక్కటి కూడా పూర్తిగా నెరవేరలేదు, ఆరు పాక్షికంగా అయ్యాయని ఐరాస నివేదికే చెప్పింది. ఎవరూ రాజీనామా చేయలేదు, ఎవరినీ బోనెక్కించలేదు. కొత్త గడువుతో కొత్త లక్ష్యాలు రాసుకున్నారు. పారిస్ ఒప్పందానికి అమలు కమిటీ ఒకటుంది గానీ, అది తగాదా పెట్టుకోకూడదని, శిక్షించకూడదని ఒప్పందంలోనే రాసి ఉంది. 2025 ఫిబ్రవరి 10కి కొత్త ప్రణాళికలు ఇవ్వాల్సి ఉండగా చాలా దేశాలు గడువు దాటించాయి. దానివల్ల వాళ్లకు వచ్చిన ఇబ్బందేమీ లేదు.

పేద దేశాలకు ఇస్తామన్న డబ్బు ఇచ్చారా?

ఆలస్యంగా ఇచ్చారు. 2020కల్లా ఏటా 10,000 కోట్ల డాలర్లు అని 2009లో కోపెన్‌హేగన్‌లో చెప్పారు. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ లెక్కల్లోనే అది 2022లో గానీ అందలేదు. అందినదాంట్లో కూడా పెద్ద భాగం అప్పులు. ఇంత ఆలస్యమైనా ఏ ఒక్క దేశాన్నీ వేలెత్తి చూపలేకపోయారు, ఎందుకంటే ఎవరి వాటా ఎంతో ఆ హామీలో లేదు. పదిమంది కలిసి ఇస్తామన్న చందాలో ఎవరి పేరు పక్కన ఎంతో రాయకపోతే జరిగేదే జరిగింది. 2024లో బాకూలో కొత్త అంకె ఖాయమైంది, 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు. వాటాలు ఈసారి కూడా రాయలేదు.

కోర్టుకు వెళ్తే నిజంగా ఫలితం ఉంటుందా?

ఉంటుంది, కానీ కోర్టు తీర్పుతోనే పని అయిపోదు. నెదర్లాండ్స్‌లో ఉర్జెండా అనే సంస్థ, దాదాపు 900 మంది పౌరులు కలిసి ప్రభుత్వం మీద కేసు వేశారు. 1990తో పోలిస్తే 2020కల్లా కనీసం 25 శాతం తగ్గించాల్సిందేనని 2015లో కింది కోర్టు, 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాయి. కోవిడ్ లాక్‌డౌన్లు కూడా కలిసొచ్చి ఆ అంకెకు చేరుకున్నారు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2021లో, భారమంతా 2030 తర్వాతి తరం మీదికి నెట్టడం యువత స్వేచ్ఛను హరించడమేనంది. కొన్ని నెలల్లోనే అక్కడి పార్లమెంటు 2030 లక్ష్యాన్ని 55 నుంచి 65 శాతానికి పెంచింది.

ఫ్రాన్స్‌లో కాలుష్యం పరిమితి దాటిన నగరాల విషయంలో ఆదేశాలు పాటించలేదని అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2021 ఆగస్టులో సొంత ప్రభుత్వానికే కోటి యూరోల జరిమానా వేసింది. ఆ డబ్బు మళ్లీ ఖజానాకే చేరకుండా ఎక్కువ భాగం గాలి కాలుష్యం మీద పనిచేసే సంస్థలకు, కొంత కేసు వేసిన సంఘానికి ఇప్పించారు. నాకు బాగా నచ్చిన తీర్పు ఇదే.

ఇక రెండో వైపు. 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం వృద్ధ మహిళల సంఘం వేసిన కేసులో స్విట్జర్లాండ్‌ను తప్పుబట్టింది. దాదాపు రెండు నెలలకే అక్కడి పార్లమెంటు, మేం చేయాల్సింది చేస్తూనే ఉన్నాం, ఇంకేం అక్కర్లేదని తీర్మానం చేసింది.

ఒప్పందం నుంచే బయటికి వెళ్లిపోతే ఇక అడిగే హక్కు ఉండదా?

అమెరికా 2020 నవంబరులో పారిస్ ఒప్పందం నుంచి వెళ్లింది, 2021 ఫిబ్రవరిలో తిరిగొచ్చింది, 2025 జనవరిలో మళ్లీ వెళ్తున్నానంది. ఏడాది నోటీసు గడువు ప్రకారం అది అమల్లోకి వచ్చే తేదీ 2026 జనవరి 27. కానీ బయటికెళ్తే అన్నీ చెరిగిపోవు. 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన అభిప్రాయం ప్రకారం, వాతావరణ వ్యవస్థకు తీవ్ర హాని చేయకూడదన్న బాధ్యత ఒప్పందాల్లో లేని దేశాలకూ ఉంది. దాన్ని ఉల్లంఘిస్తే నష్టపరిహారం దాకా వెళ్లొచ్చు. ఇది సలహా మాత్రమే, తీర్పు కాదు. అయినా దేశీయ కోర్టుల్లో లాయర్లు దీన్ని వాడుకుంటారు. ఈ ప్రశ్న ఆ కోర్టు దాకా వెళ్లడానికి మొదట పూనుకున్నది పసిఫిక్ దీవుల లా విద్యార్థులు. దాన్ని వనువాటు ప్రభుత్వం భుజానికెత్తుకుంది.

ఇన్ని వైఫల్యాలేనా? పనిచేసింది ఒక్కటైనా లేదా?

ఓజోన్ పొర కోసం 1987లో రాసుకున్న మాంట్రియల్ ఒప్పందం ఉంది. నిషేధించాల్సిన రసాయనాల్లో దాదాపు 99 శాతం వాడకం ఆగిపోయింది. అందులో అన్ని ప్రభుత్వాలూ ఉన్నాయి. బయట ఉండేవాళ్లతో ఆ రసాయనాల వ్యాపారం చేయకూడదన్నారు. పేద దేశాలకు మారే ఖర్చు కోసం నిధి పెట్టారు. నిఘా కూడా వదల్లేదు. సీఎఫ్‌సీ-11 అనే నిషిద్ధ వాయువు గాలిలో తగ్గాల్సినంత వేగంగా తగ్గడం లేదని 2018లో శాస్త్రవేత్తలు గుర్తించారు. ఎవరో దొంగచాటుగా తయారు చేస్తున్నారన్నమాట. దక్షిణ కొరియా, జపాన్‌లలోని పరికరాలు పట్టిన గాలిని విశ్లేషిస్తే జాడ తూర్పు చైనా వైపు చూపించింది. చైనా తనిఖీలు చేసింది, ఆ ఉద్గారాలు మళ్లీ పడిపోయాయి.

కార్బన్‌తో ఇది ఇంత సులువు కాదని ఒప్పుకోవాలి. ఆ రసాయనాలు తయారు చేసే కంపెనీలు కొద్దే, ప్రత్యామ్నాయాలు కూడా త్వరగా దొరికాయి. బొగ్గు, చమురు లేకుండా నడిచే రంగం ఇప్పటికీ అరుదు.

## పౌరుల వంతు

నేను మామూలు ఓటరుని. నాయకుడిని ఏమని అడగాలి?

"పర్యావరణాన్ని కాపాడతారా?" అని అడక్కండి. కాదనేవాడు ఎవరూ ఉండరు. వచ్చే ఏడాదికి మీ అంకె ఎంత, దానికి బడ్జెట్లో ఏ పద్దు కింద ఎంత పెట్టారు, కిందటేడాది పెట్టిందాంట్లో ఖర్చయింది ఎంత? ఇలా అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, తేదీ వేయించుకోండి. ఏడాది తర్వాత అదే కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లండి. మొదటిసారి కంటే రెండోసారి వెళ్లినప్పుడే వాళ్లకు టెన్షన్ ఎక్కువ.

సమాచారం ఇవ్వాల్సిందేనని ఏదైనా ఒప్పందం ఉందా?

యూరప్ వైపు 1998 ఆర్హస్ ఒప్పందం, లాటిన్ అమెరికా, కరీబియన్‌లలో 2018లో కుదిరి 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన ఎస్కజూ ఒప్పందం ఉన్నాయి. పర్యావరణ సమాచారం పొందడం, నిర్ణయాల్లో పాల్గొనడం, కోర్టుకు వెళ్లడం ఈ రెండింటిలోనూ పౌరుల హక్కులు. ఆర్హస్‌లో ప్రభుత్వం మీద సాధారణ పౌరుడు కూడా నేరుగా ఫిర్యాదు చేయొచ్చు. పర్యావరణం కోసం పోరాడేవాళ్లకు రక్షణ కల్పించాలని ఎస్కజూ ప్రభుత్వాలను కట్టడి చేసింది. అడిగినందుకు ప్రాణాలు పోతున్న ప్రాంతం కాబట్టే ఆ నిబంధన పెట్టాల్సి వచ్చింది. మిగతా దేశాల్లో సొంత సమాచార హక్కు చట్టాలే దిక్కు.

రాబోయే రోజుల్లో ఏ తేదీల మీద కన్నేసి ఉంచాలి?

ఏటా జులైలో న్యూయార్క్ సమీక్ష జరుగుతుంది, ఆ ఏడాది మీ దేశం నివేదిక ఇస్తోందో లేదో ముందే చూసుకోండి. 2026లో జీవవైవిధ్య లక్ష్యాల మీద మొదటి ప్రపంచ సమీక్ష. అదే ఏడాది చివరికి పారిస్ ఒప్పందం కింద రెండో పారదర్శకత నివేదికలు రావాలి. 2028లో పారిస్ రెండో ప్రపంచ మదింపు (అన్ని దేశాల ప్రగతినీ కలిపి చూసే సమీక్ష) ముగుస్తుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది మీ దేశ బడ్జెట్ రోజు, దాని తర్వాత ఆడిటర్ నివేదిక సభ ముందుకొచ్చే రోజు. ఆ రెండో రోజున సభలో సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి కాబట్టి, మీ ప్రతినిధి హాజరయ్యారో లేదో కనుక్కోవడం కూడా పెద్ద కష్టం కాదు.